నెమ్మదిగా లేచే కంప్యూటర్ వల్ల లాభాలు

మా ఆవిడ పోయిన రోజున, వాళ్ళ అక్కగారి నంబర్ కోసం ఇంట్లో కంప్యూటర్ ఆన్ చేశాను. తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు తీసుకుంది. ఆ నాలుగు నిమిషాలూ మా వదినగారికి చెల్లెలు బతికే ఉంది. నెమ్మదిగా లేచే కంప్యూటర్ ఇంటికి అదృష్టమని ఆనాడే గ్రహించాను. నవ్వకండి, నిరూపిస్తాను!

అది విండోస్ బదులు లినక్స్‌తో నడిచే కంప్యూటర్. ఏర్పాటంతా ఆవిడదే. ఆన్ చేయగానే తమంతట తామే మొదలయ్యే ప్రోగ్రాములు పదిహేడు! ఇంట్లో ప్రింటర్ లేదు. ప్రింటర్ గుమాస్తా మాత్రం అందరికంటే ముందు లేచి కూర్చుంటాడు. బయట వాన పడుతోందని చెప్పడానికి ఒకటి, నేను కిటికీ పక్కనే తడుస్తున్నా సరే! అప్‌డేట్లు వెతకడానికి ఇంకొకటి, అది వెతికిందో లేదో కనిపెట్టడానికి మరొకటి. పిలవకుండా వచ్చి, కాఫీ ఇచ్చినా కదలని చుట్టాలు.

వీళ్ళంతా లేచేలోపు నేను పాలు కాచుకుంటాను. నాలుగు పరీక్ష పేపర్లు దిద్దుతాను. హెడ్‌మాస్టర్‌గారికి రాయబోయిన ఘాటైన ఉత్తరం, తెర వెలిగేసరికి చల్లారి సెలవు చీటీ అయిపోతుంది. వేగమైన కంప్యూటర్ ఇంత సంస్కారం నేర్పుతుందా?

మా స్కూల్లో కంప్యూటర్ పాఠాలు చెప్పే టీచరమ్మ మొన్న ఆదివారం వచ్చి చూసింది.

"ఇది కంప్యూటరా, సత్రమా మాస్టారూ?"

"ఉండనీ అమ్మా, పాపం."

"పాపమేంటండీ! ఈ జాబితాలో పేరు పక్కన టిక్కు తీసేస్తే చాలు, తనంతట తాను లేవదు. ప్రోగ్రాం ఎక్కడికీ పోదు, పిలిస్తే వస్తుంది."

పిలిస్తే వచ్చేవాటితో నాకు పేచీ లేదు. తీసేయమన్నాను. టకటకా పదహారు తీసేసి, పదిహేడో దాని దగ్గర ఆగింది.

"ఇది... మేడంగారి ఫోనా మాస్టారూ?"

అవును. ఆ ఫోన్ బీరువాలో ఉంది, స్విచాఫ్ చేసి. దాన్ని కంప్యూటర్‌తో కలిపే ఈ ప్రోగ్రాం రోజూ పొద్దున్నే దానికోసం వెతుకుతుంది. ఒకటిన్నర నిమిషం చూసి, "కనబడలేదు" అని తెరమీద రాసి ఊరుకుంటుంది. మర్నాడు మళ్ళీ వెతుకుతుంది.

టీచరమ్మ మౌస్ వదిలేసి, పాలు పొంగుతున్నాయేమోనంటూ వంటింట్లోకి వెళ్ళింది. పొయ్యిమీద పాలే లేవు.

ఆవిడ పోయినప్పుడు స్కూల్లో నాకు పది రోజులు సెలవిచ్చారు. పదకొండో రోజున స్టాఫ్‌రూమ్‌లో అందరూ ప్రేమగానే అన్నారు: "ఇంక మామూలు మనిషి కావాలి మాస్టారూ." అంత త్వరగా లేవడం మనుషులకే సాధ్యం! యంత్రం కదా, దానికి అంత తెలివి లేదు.

కంప్యూటర్ ఇప్పుడు రెండు నిమిషాల్లో లేస్తోంది. పదిహేడో టిక్కు ఇంకా తీయలేదు.