పెళ్లికొడుకులందరికీ సర్కారు కొలువు

ఆ పొద్దున జగదీశ్ పెట్టుకున్న పని ఒక్కటే. మహేశ్ అనే పెళ్లికొడుక్కి ఎర్రమంజిల్‌లో సర్కారు ఉద్యోగం వచ్చింది, అతని వివరాల్లో ఆ ముక్క మార్చాలి. అతను పనిచేసే పంజాగుట్ట పెళ్లిళ్ల బ్యూరోలో వరుల వివరాలన్నీ ఒకే ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో ఉంటాయి. వెబ్‌సైట్ అందులో ఏముంటే అదే చూపిస్తుంది. జగదీశ్‌ను పర్మనెంట్ చేయాలో ఇంటికి పంపాలో సాయంత్రం తేలుస్తానన్నాడు యజమాని చలపతిరావు.

జగదీశ్ అమీర్‌పేటలో కోర్సు చేసినవాడు. ఫైల్లో మార్చాల్సిన చోటికి దారి రాయడం అక్కడే నేర్చాడు. కాకపోతే సాధనకు వాళ్లిచ్చిన ఫైల్లో ఉన్నది ఒకే ఒక్క మనిషి. ఎవరి ఉద్యోగమో చెప్పాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు. ఇక్కడా "//వరుడు/ఉద్యోగం" అని రాసి, మహేశ్ పేరు ఊసెత్తకుండా కోడ్ నడిపించి, దర్జాగా టీకి వెళ్లాడు. కంప్యూటర్ చెప్పిన మాట విన్నది. వరులందరికీ ఏ పరీక్షా లేకుండా సర్కారు కొలువులొచ్చాయి.

తిరిగి వచ్చేసరికి పక్క సీటు అనిత రెండు చెవులకూ రెండు ఫోన్లు పెట్టుకుని ఉంది.

"ఏం జేసినవ్ అన్నా? పిల్ల తరపోళ్లు ఆగుతలేరు. ఒకాయన ఎర్రమంజిల్ ఆఫీసుకే పోయి అల్లుణ్ని చూపెట్టమంటుండట!"

చలపతిరావు గదిలోంచి ఊడిపడ్డాడు. "ఏంటయ్యా ఇది? ముందు ఆ ఎర్రమంజిల్ ఉద్యోగం తీసెయ్!"

"ఫికర్ చెయ్యకుండ్రి సార్" అని జగదీశ్ మళ్లీ అదే దారి రాసి ఉద్యోగం తీసేశాడు. అందరిదీ. పాత కాపీ ఏదంటే, దాని మీదే సేవ్ చేశాడు. తన పని మీద అంత నమ్మకం మరి.

"సాయంత్రంలోగా ఇంటింటికీ ఫోన్ చేసి, అడిగి మళ్లీ రాయి. లేకపోతే నీ ఉద్యోగం తీసేస్తాను. దానికి నాకు కోడ్ అక్కర్లేదు" అన్నాడు చలపతిరావు.

జగదీశ్‌కు నిజంగానే ఏడుపొచ్చింది. మొదటి వరుడి తల్లి చిలకమ్మకు ఫోన్ చేశాడు.

"అమ్మా, మీ పిలగాడు ఏం పని చేస్తుండు?"

"పొద్దుగాల ఏమున్నదో గదే రాయి బిడ్డా. యాడాది సంది ఒక్క సంబంధం రాలే. గీ పొద్దు ఫోను కింద పెట్టనిస్తలేరు."

"గది తప్పమ్మా!"

"అయితే అయింది. జర ఉండనీ."

రెండో తల్లీ అదే మాట. మూడో ఇంట్లో ఏకంగా ఆఫీసరని రాయమన్నారు.

సాయంత్రం చలపతిరావు ఫైలు చూసి కళ్లజోడు తుడుచుకున్నాడు. "మళ్లీ అందరికీ సర్కారు కొలువే! పొద్దున ఉన్నట్టే ఉంది కదయ్యా!"

"పొద్దున నేను రాసిన సార్. ఇప్పుడు వాళ్లు చెప్పిండ్రు."

ఫోన్లు మోగుతూనే ఉన్నాయి. చలపతిరావు కాసేపు విని, జగదీశ్‌ను పర్మనెంట్ చేసేశాడు. ఆ రోజు ఆ బ్యూరో ఇచ్చిన ఉద్యోగాలన్నిట్లో జీతం వచ్చేది అదొక్కటే.