నేరస్థలం అమ్మబడును

“బామ్మర్దీ! ఈ ఊళ్లో నేరస్థులంతా మూటాముల్లె సర్దుకోవడం మంచిది. నేను రంగంలోకి దిగాను” అని ప్రకటించాడు మా బావ, బనీను తిరగేసి తొడుక్కుని.

ఆయన ఉద్యోగం ఇంటింటికీ తిరిగి నీటి మీటర్ల రీడింగు తీసుకోవడం. ఒకసారి ఎవరింట్లోనో మీటరు గిర్రున తిరుగుతుంటే, లోపల రక్తపు మరకలు కడిగేస్తున్నారని పోలీసుల్ని పిలిచాడు. పాపం, వాళ్లు చుట్టాలొస్తున్నారని గచ్చు కడుక్కుంటున్నారు. ఇంకొకరైతే ఆ సిగ్గుతో నాలుగు రోజులు గుమ్మం దాటరు. బావ మాత్రం తనలో ఒక మహా డిటెక్టివు దాగున్నాడని ఆ రోజే కనిపెట్టాడు. నన్ను సహాయకుడిగా నియమించుకున్నాడు. జీతం లేదు. అక్క మొగుడు కాబట్టి రాజీనామా చేసే దారీ లేదు. నా మిక్సీల రిపేరు షాపు మూసుకుని ఆయన వెనక తిరగడమే.

ఈసారి కేసు మా అక్కది. అక్క కుట్టుపని చేస్తుంది. షాపు ఓనరు ఉన్నట్టుండి ఖాళీ చేయమన్నాడు. అద్దె గదుల్లో ఎన్నాళ్లని మెషీన్లు మోసుకు తిరగడం అని, ఉన్న పొదుపంతా ఊడ్చి ఒక ఇల్లు కొందామనుకుంది. ముందు గదిలో షాపు పెట్టుకోవడం, మేడ మీది భాగం అద్దెకివ్వడం ఆమె లెక్క. ఇళ్ల మీద కొత్తగా పెట్టుబడి పెట్టేవాళ్లకి లైబ్రరీ హాల్లో క్లాసులు చెబుతున్నారంటే వెళ్లి శ్రద్ధగా వినొచ్చింది కూడా.

“మొదట చూడాల్సింది ఏజెంటుకి లైసెన్సు ఉందా లేదా అని” అంది అక్క, ఆ రోజు భోజనాల దగ్గర. “నంబరు అడిగి, ఆఫీసుకి ఫోన్ చేసి సరిచూసుకోవాలిట. అమ్మేవాళ్లు ఎందుకు అమ్ముతున్నారో అడగాలిట. మంచి బేరం దొరకాలంటే కాళ్లరిగేలా వీధులు తిరగాలి తప్ప, ఇంటికొచ్చి చెవిలో గుసగుసలాడే బేరాన్ని నమ్మకూడదుట.”

బావ పెరుగన్నంలో చెయ్యి ఆపి చిద్విలాసంగా నవ్వాడు. “ఇవన్నీ మామూలు మనుషులకోయ్. నువ్వు కొనేది స్థలమా, నేరస్థలమా అన్నది తేల్చాల్సింది ఈ బుర్ర!”

“ఆ బుర్రకి నూనె రాసుకోండి, పొడిబారింది” అంది అక్క.

తను చెప్పినట్టే అక్క వీధులు తిరిగింది. చివరికి ఒక మూల మీద పాత మేడ ఇల్లు దొరికింది. చూపించినావిడ నడివయసు ఏజెంటు. స్కూటరు మీద వచ్చింది, మెడలో లైసెన్సు కార్డు వేలాడుతోంది. అక్క నంబరు అడిగేలోపే కార్డు తీసి చేతికిచ్చింది.

“మొహమాటపడకండమ్మా, ఫోన్ చేసి కనుక్కోండి. అడగని వాళ్లని చూస్తేనే నాకు భయం” అంది. అక్క ఫోన్ చేసింది. అంతా సరిగ్గానే ఉంది.

“ధర కొంచెం తక్కువేం?” అని అడిగింది అక్క.

“ఇంటాయన ఒంటరివాడు. వాళ్ల అక్కగారి దగ్గరికి వెళ్లిపోయాడు. తొందరగా అమ్మేసుకోవాలని. పైగా ఇల్లు కూడా పాతదే కదా.”

అన్ని గదులూ చూపించింది. వెనక గది మాత్రం తలుపు తియ్యలేదు. “దీన్ని వారం పోయాక చూద్దురుగాని. ఇప్పుడు తెరిస్తే బాగోదు” అంది.

బావ నా జబ్బ గిల్లాడు. చర్మం ఊడొచ్చినంత పనైంది.

ఆ మర్నాటి నుంచి నిఘా మొదలైంది. మీటరు చూసే నెపంతో బావ ఆ వీధిలో ప్రతి గేటూ తీశాడు. వెనక ఆయన టార్చీ, గొడుగు, మంచినీళ్లు మోస్తూ నేను. రోజూ మధ్యాహ్నం ఏజెంటమ్మ సంచీతో ఇంట్లోకి వెళుతోంది, కాసేపటికి ఖాళీ సంచీతో వస్తోంది. ఒకరోజు గోడవారన నక్కి ఉండగా ఆమె ఫోన్లో మాట్లాడుతూ బయటికొచ్చింది.

“తల్లి బాగానే ఉందండీ. పిల్లలే ఇంకా కళ్లు తెరవలేదు. పాలు మాత్రం పోస్తున్నా. కొనేవాళ్లకి చెప్పలేదు లెండి, కంగారు పడతారు.”

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. స్కూటరు వెళ్లిపోగానే నా చొక్కా పట్టుకుని ఊపేశాడు. “విన్నావా? తల్లినీ పిల్లల్నీ బంధించారు! మత్తుమందు! పిల్లలు కళ్లు తెరవడం లేదు!”

“బావా, అది వేరే ఏదైనా...”

“వేరేది ఉండదు బామ్మర్దీ. నేర ప్రపంచంలో ప్రతి మాటకీ ఒకటే అర్థం.”

“అయితే పోలీసులకి చెబుదాం.”

బావ ఎటో చూశాడు. గచ్చు కడిగిన కేసు తర్వాత స్టేషన్లో ఆయన గొంతు వినగానే ఫోన్ పెట్టేస్తున్నారు మరి.

అప్పుడే కథలోకి తెల్లబూట్ల పెద్దమనిషి వచ్చాడు. బావ తరచూ అదే వీధిలో తచ్చాడడం చూసి తనే పలకరించాడు. తెల్ల బూట్లు, తెల్ల ప్యాంటు, మాటల్లో తేనె. తనూ ఇళ్ల వ్యాపారంలోనే ఉన్నానన్నాడు. బావ తన అనుమానమంతా ఆయన ముందు కక్కేశాడు.

“ఆ ఏజెంటమ్మ సంగతి నాకు తెలుసు సార్. మీలాంటి మేధావి కంట పడింది, ఇక అయిపోయింది ఆమె పని” అన్నాడు. మేధావి అన్న మాటకి బావ జన్మ ధన్యమైంది.

“మీకు లైసెన్సు ఉందాండీ?” అన్నాను నేను.

“రెన్యువల్లో ఉంది తమ్ముడూ. ఎప్పుడూ రెన్యువల్లోనే ఉంటుంది.”

ఆయన వెళ్లాక నేను నసిగితే బావ జాలిగా చూశాడు. “అడగకుండానే కార్డు చూపించింది అంటే ఏమిటి? నేరం చేసేవాళ్లే కాగితాలన్నీ పక్కాగా పెట్టుకుంటారు. ఈయన దగ్గర ఒక్క కాగితమూ లేదు. ఇంతకంటే అమాయకుడు దొరుకుతాడా?”

ఆ తర్కాన్ని కూడా టార్చీ, గొడుగులతో పాటు మోసుకుంటూ ఆయన వెనక నడిచాను.

మెషీన్లు పడతాయో లేదో కొలుచుకోవాలని అక్క ఏజెంటమ్మ దగ్గర ఇంటి తాళంచెవి అడిగి తీసుకుంది. కొలతలు అయ్యాక తిరిగిచ్చి రమ్మని బావ చేతికిచ్చింది. బావ దాన్ని నేరుగా తెల్లబూట్లాయన చేతిలో పెట్టాడు. “పరిశోధనకి ఒక నకలు చేయించండి” అని. ఆయన చేయించి తెచ్చాడు, మజూరీ కూడా పుచ్చుకోలేదు. “దేశానికి నా వంతు సేవ సార్” అన్నాడు. బావ కళ్లు చెమర్చాయి. అసలు తాళంచెవి ఏజెంటమ్మకి తిరిగిచ్చేశాడు.

ఇంతలో అక్క బేరం ఖాయం చేసుకుంది. మర్నాడు సాయంత్రం ఒప్పందం. బావ నన్ను పక్కకి లాగాడు. “మీ అక్క కూడబెట్టిన సొమ్ము పోతే నేను మళ్లీ సంపాదించి పెట్టలేనురా” అన్నాడు మెల్లగా. డిటెక్టివు గొంతు కాదది. అందుకే, ఎన్ని తిట్టుకున్నా, మర్నాడు మధ్యాహ్నం నకలు తాళంచెవితో ఆయన వెంట ఆ ఇంట్లోకి వెళ్లాను.

వెనక గదికి వేరే తాళం ఉంది. తలుపుకి చెవి పెడితే లోపల ఏదో గీరుతున్న చప్పుడు. “గోళ్లతో గోడ తవ్వుతున్నారు!” అన్నాడు బావ. నాకు నవ్వొచ్చింది. ఆ వెంటనే, నిజమేనేమో అని భయమూ వేసింది.

ఏజెంటమ్మ వచ్చే వేళయింది. హాల్లో గోడవారగా పాతకాలపు చెక్క అటక ఉంది. బావ నా భుజాలు తొక్కి దాని మీదికెక్కాడు. నేను బాత్‌రూంలో దూరి తలుపు ఓరగా వేసుకున్నాను. అటక కిర్రుమంది.

వీధి తలుపు తాళం తిరిగింది. వచ్చింది ఏజెంటమ్మ కాదు. ముందు తెల్ల బూట్లు వచ్చాయి. వాటి వెనక ఒక కుర్ర జంట. ఆ అమ్మాయి చేతిసంచీని రెండు చేతులా గుండెకి హత్తుకుని ఉంది.

“చూడండి, ఇదే నా ఇల్లు. చిన్నప్పుడు ఈ హాల్లోనే పాకాను” అన్నాడు తెల్లబూట్లాయన గద్గదంగా. “మీ మొహాలు చూసి ఈ ధరకి ఇస్తున్నా. బయానా సొమ్ము ఇప్పుడే ఇచ్చేస్తే ఇంకెవరికీ చూపించను.”

“లైసెన్సున్న ఏజెంటు ద్వారా కొనమంది మా పిన్ని” అంది అమ్మాయి.

“సొంత ఇల్లు అమ్ముకోవడానికి లైసెన్సెందుకు తల్లీ?”

అబ్బాయికి సబబుగా తోచింది. అమ్మాయికి తోచలేదు కానీ, సంచీ జిప్పు మీద చెయ్యి వేసింది. నేను తలుపు ఇంకొంచెం తీశాను. పైనున్న బావకి విషయం బోధపడి ఒక్క కేక వేస్తాడేమో అని చూశాను. బావ మొహంలో వెలుగొచ్చింది. బోధపడి కాదు, తన మిత్రుణ్ణి చూసిన సంతోషంతో. ఒక చెయ్యి చాచి, శత్రువు వచ్చే వేళయింది, పారిపొమ్మన్నట్టు సైగలు చేయసాగాడు. కింద ఎవరూ తలెత్తలేదు. ఇంకొంచెం ముందుకి వంగాడు.

అటక కూలింది.

చెక్కలు, దుమ్ము, ఒక పాత పరుపు, వాటి మధ్య మా బావ, అన్నీ కలిసి తెల్లబూట్లాయన మీద పడ్డాయి. నేను పరుగెత్తుకొచ్చేసరికి దుమ్ములోంచి రెండు బూట్లు మాత్రం కనిపిస్తున్నాయి. అవీ ఇప్పుడు తెల్లగా లేవు.

“దొంగ! నా ఇంట్లో దొంగ!” అని అరిచాడాయన పరుపు కిందనుంచి.

“ఎవరిల్లండీ?” అంది ఏజెంటమ్మ, గుమ్మంలో సంచీ పట్టుకుని నిలబడి. ఆమె వెనకే, సాయంత్రం ఒప్పందంలోపు ఆ వెనక గది కూడా చూసి తీరాలని వచ్చిన మా అక్క.

ఆ గొంతు వినగానే తెల్లబూట్లాయన లేచి పారిపోబోయాడు. కుదర్లేదు. బావ నడుం పట్టేసి ఆయన వీపు మీదనుంచి కదల్లేకపోతున్నాడు. అక్కడినుంచే బావ ఏజెంటమ్మ మీద వేలు చూపించాడు. “దొరికిపోయావు! ఆ తల్లినీ పిల్లల్నీ ఏం చేశావు?”

ఆమె అయోమయంగా వెనక గది తలుపు తీసింది. గోనెపట్టా మీద ఒక ముసలి పిల్లి, దాని పొట్టకి కరుచుకుని మూడు పిల్లలు. “ఇంటాయన పెంపుడు పిల్లి. కూనలకి కళ్లు రాగానే తీసుకెళతానన్నాడు. అందాకా పాలు పోయమన్నాడు” అంది.

ఏజెంటమ్మ ఫోన్ చేస్తే ఇన్‌స్పెక్టరు వచ్చాడు. తెల్లబూట్లాయన కోసం చాలాకాలంగా వెతుకుతున్నారట. లైసెన్సు లేదు, ఇల్లు లేదు, ఖాళీగా కనిపించిన ప్రతి ఇంటికీ తనే ఓనరునని ఎందరి దగ్గరో బయానాలు మింగాడు. జేబులో ఈ ఇంటి తాళంచెవి నకలు ఇంకొకటి దొరికింది. కుర్ర జంట బావ చేతులు పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు.

ఒక్క నిమిషంలో బావ తేరుకున్నాడు. “మొదటి రోజే కనిపెట్టాను. అదను చూసి అటక మీంచి అటకాయించాను” అన్నాడు నడుం నొక్కుకుంటూ.

ఇన్‌స్పెక్టరు ఆయన మొహం పరకాయించి చూశాడు. “గచ్చు కడిగిన కేసు మీదేగా? అది సరే. తాళం వేసిన పరాయి ఇంట్లో, అటక మీద, మీరేం చేస్తున్నారు?”

బావ జుట్టులో దుమ్ము దులుపుకున్నాడు. నా వైపు చూశాడు. నేను పిల్లికూనల వైపు చూశాను.

“తాళంచెవి నేనే ఇచ్చానండీ, కొలతలకి” అంది ఏజెంటమ్మ. ఇచ్చింది నిజమే కదా.

“ఇల్లు కొనబోతున్నాం సార్” అంది అక్క, చీర కొంగు నడుముకి దోపుకుని ముందుకొచ్చి. “అటక మనిషి బరువు ఆపుతుందో లేదో చూడమని ఆయన్ని నేనే ఎక్కించాను.”

ఇన్‌స్పెక్టరు నేల మీది చెక్కల్నీ, బావనీ మార్చి మార్చి చూశాడు. “మరి ఆపిందా?”

“మీరే చూస్తున్నారుగా!” అని అక్క ఏజెంటమ్మ వైపు తిరిగింది. “ఏమండీ, ఇల్లు మీరు చెప్పినదానికంటే పాతదిలా ఉంది. ఇంటాయనకి ఫోన్ కలపండి, ధర సంగతి ఇంకోసారి మాట్లాడదాం.”