భిక్షలో కీమా

ఆ ఉదయం పార్థసారథి అనుకున్న పని చిన్నదే. గురుగ్రామ్‌లోని తన ఫ్లాటులో ఆరుగురు అయ్యప్ప స్వాములకు భిక్ష పెట్టడం, ఎల్లుండి ఇరుముడి కట్టుకుని శబరిమల రైలెక్కడం. మాల వేసుకున్నాక ఒక్క నియమమూ తప్పలేదు. భార్య సుభాషిణి కూడా ఆయన్ని స్వామీ అనే పిలుస్తోంది, తిట్టాల్సి వచ్చినా సరే.

ఎదురింటి మనీష భక్తిగా తలస్నానం చేసి, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా అచ్చం మాంసంలా కనిపించే సోయా కీమా కూర వండి పంపింది. స్వాములు మళ్ళీ మళ్ళీ వడ్డించమన్నారు. గురుస్వామి త్యాగరాజు గిన్నె అడుగు కూడా గీకించాడు.

చేతులు కడుక్కుంటుండగానే మనీష ఏడుపు మొహంతో వచ్చింది. "దీదీ, సోయా డబ్బా ఫ్రిజ్‌లోనే ఉంది. మా ఆయన తెచ్చిన మటన్ కీమా డబ్బా లేదు."

గురుస్వామి అందరినీ మళ్ళీ చన్నీళ్ళ స్నానానికి తరిమాడు. ఢిల్లీ డిసెంబరు. స్నానాలగది ముందు స్వాములు వరుసగా వణుకుతూ నిలబడ్డారు. వాళ్ళలో ఒకాయన భార్యకు ఫోన్ చేశాడు, ఆవిడ గుడికి చేసింది. సాయంత్రానికి పార్థసారథికి పలకరింపులు మొదలయ్యాయి. "మీ ఇంట్లో భిక్షకి వేటమాంసం పెట్టారటగా స్వామీ?"

"సంగతి తేలేదాకా నేను ఇరుముడి కట్టను. నాదీ కట్టుకోను" అన్నాడు త్యాగరాజు.

పార్థసారథికి అన్నం సహించలేదు. తెలియక తిన్నది కూడా తప్పేనా అని దేవుడి పటాన్నే అడిగాడు.

కూతురు శరణ్య ల్యాబ్‌లో పని చేస్తుంది. అమ్మే మాంసం చెప్పిన జంతువుదేనా కాదా అని జన్యు పరీక్షతో తేల్చడమే అక్కడి పని. మనీష ఇంట్లో మూకుడులో మిగిలిన గరిటెడు కూర శరణ్య పట్టుకెళ్ళింది. మర్నాడు సాయంత్రం ఫోన్ చేసింది.

"స్వామీ, ఊపిరి పీల్చుకోండి. మేకదీ లేదు, గొర్రెదీ లేదు, కోడిదీ లేదు. అంతా సోయానే."

"అయితే మనీష పొరబడలేదా?"

"పొరబడింది. వండింది నవదీప్ అంకుల్ తెచ్చిన కీమానే. ఆ దుకాణంవాడే సోయాకి రంగేసి మటనని అమ్ముతున్నాడు."

సుభాషిణి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. ఏడాదిగా ఆ కీమా తిని, ఇలాంటి మటన్ పంజాబ్‌లో కూడా దొరకదని చెప్పుకున్న మనీష భర్త నవదీప్ ఆ పూట బయటికి రాలేదు.

పార్థసారథి గుండెల మీంచి బరువు దిగింది. కాపాడింది అయ్యప్పేనా, ఆ మోసగాడా అన్న సందేహం మాత్రం మిగిలింది. ఇద్దరికీ కలిపి దణ్ణం పెట్టి ఇరుముడి కట్టించుకున్నాడు.

రైలు కదిలాక గురుస్వామి మెల్లగా ఆ దుకాణం అడ్రసు అడిగాడు, వచ్చే ఏడు భిక్ష కోసం.