ఆదివారం దాడి

మా ఇంటి మీద దాడి జరుగుతోందని చెబితే మా ఆవిడ నమ్మలేదు. పోపు మాడుతోందని వంటింట్లోకి వెళ్ళిపోయింది. అక్కణ్ణించే మొదలుపెడతాను. మీరంతా టీ చెప్పారు కాబట్టి తొందరేం లేదు.

ఇంటి మీద అంటే ఇంట్లో ఉన్న కంప్యూటర్ మీద. రత్నమాల శంషాబాద్‌లో క్యారేజీలు పంపుతుంది. ఎయిర్‌పోర్టులో డ్యూటీ చేసేవాళ్ళు పొద్దున ఫోన్‌లో మా పేజీ తెరిచి, తమ పేరూ పాస్‌వర్డూ కొట్టి కావలసింది నొక్కుతారు. మధ్యాహ్నానికి క్యారేజీ వెళుతుంది. వంట ఆవిడది, పేజీ నాది. ఆ పేజీ నడిపే కంప్యూటర్ మా మంచం పక్కనే ఉంటుంది. దాన్ని సర్వర్ అంటారని చెప్పినప్పుడు, "సర్వరంటే ఇడ్లీ తెచ్చిపెట్టాలి కదండీ, ఇదేంటి, కూర్చుని కరెంటు తింటోంది?" అంది.

రిటైరయ్యాక నాకు దొరికిన ఉద్యోగం అది. జీతం లేదు, భోజనం ఉంది.

రత్నమాలకి ఒకటే కోరిక. ఇంటి ముందు రేకుల షెడ్డు వేసి, తన పేరుతో బోర్డు పెట్టాలి. అది జరగాలంటే సాతంరాయి దగ్గర లేడీస్ హాస్టల్ ఆర్డర్ రావాలి. అక్కడి అమ్మాయిలు ఇష్టమైనవాళ్ళు విడివిడిగా తెప్పించుకుంటున్నారు; ఆదివారం మా ఆర్డర్లు దాదాపు వాళ్ళవే. వచ్చే ఆదివారం వంట రుచి చూసి, నచ్చితే హాస్టల్ మొత్తానికి మాట్లాడతానని వార్డెన్ ఎవాంజెలిన్ మా ఆవిడకి మాటిచ్చింది.

సరిగ్గా ఆ వారమే నాకు దొంగ దొరికాడు.

మన పేజీ తలుపు తట్టిన ప్రతివాడి ఇంటర్నెట్ అడ్రస్సూ సర్వర్‌లో పడుతుంది. కూర్చుని చూస్తుంటే ఒక అడ్రస్ నుంచి తప్పు పాస్‌వర్డులు వరసగా వస్తున్నాయి. ఒక పేరుతో కాదు, నానా పేర్లతో.

"దొరికాడు" అన్నాను.

"ఎవరు?"

"దొంగ. తాళంచెవులన్నీ ఒక్కొక్కటే పెట్టి చూస్తున్నాడు."

"మనింట్లో ఏముందని? గోంగూర ఎలా చేస్తానో కనుక్కుందామనా?"

ఇలాంటి దొంగల్ని ఎలా పట్టుకోవాలో వీడియోలు చూశాను. సర్వర్‌లో పాత లెక్కలు తీస్తే, మామూలు రోజుల్లో దాడి పలచగా ఉంటోంది. ఆదివారం మాత్రం ఒకే నిమిషంలో అందరూ ఒక్కసారిగా మీద పడుతున్నారు.

"ఆదివారమే ఎందుకో తెలుసా? ఆ రోజు ముఠాకి సెలవు" అన్నాను భోజనం దగ్గర.

"ఆదివారం మనం ఏం వండుతామండీ?"

"నాటుకోడి. దానికీ దీనికీ ఏం సంబంధం?"

"ఏం లేదు. కలపండి, చల్లారిపోతోంది."

అదే అడ్రస్ నుంచి స్పామ్, అంటే పనికిరాని మెసేజీలు, కూడా వస్తోంది. 'అక్కా, పులుసు జర ఎక్కువ పొయ్యి.' ఇదే వాక్యం, పేరు మార్చి పేరు మార్చి వస్తోంది. ఒకే చోటు నుంచి ఒకే మాట పదేపదే వస్తే అది స్పామేనని వీడియోలో చెప్పారు. అలాంటివి కంటపడకుండా నేరుగా చెత్తబుట్టలోకి వెళ్ళే ఏర్పాటు చేశాను. దాని సంగతీ రత్నమాలకి భోజనం దగ్గర వివరించాను. అడ్రస్ ఎక్కడ చూడాలి, ఎక్కడ పెడితే ఆగిపోతుంది, ఆగినవాడికి ఏం కనబడుతుంది, అన్నీ చెప్పాను. ఆవిడ ఊఁ కొట్టింది. పెరుగు వడ్డించింది.

పొద్దున నడకలో పక్కింటి సోమయ్య అడిగాడు. "ఏంది భాస్కరన్నా, పరేషాన్‌ల ఉన్నవ్?"

చెప్పాను.

"ఆ దొంగది ఏ దేశమన్నా?"

"అడ్రస్‌ని బట్టి ఊరు తెలుస్తుంది. చూశాను. శంషాబాద్."

"గిదే శంషాబాదా? గట్లయితే నడుసుకుంట పోయి పట్టుకుందాం పా!"

సాయంత్రానికి కాలనీలో నా పేరు అడ్రస్ రావు అయింది. సోమయ్య ఎగతాళికే పెట్టాడు. నేను బిరుదుగానే తీసుకున్నాను. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు చేసినా ఒక బిరుదు రాలేదు.

శనివారం ఆ అడ్రస్‌ని ఆపేశాను. ముఖ్యమైన ఆదివారం పూట ఆవిడ ఆర్డర్లకి అడ్డం రాకూడదని నా పథకం. పని అయ్యాక చెప్పి ఆశ్చర్యపరుద్దామనుకున్నాను. మళ్ళీ తట్టేవాడికి కనబడేలా ఒక హెచ్చరిక కూడా రాశాను: 'నువ్వెవరో మాకు తెలుసు. నీ వీధీ తెలుసు. వెనక్కి తిరిగి పో.'

ఆదివారం పొద్దున దాడి లేదు. స్పామ్ లేదు. వంటింటి గుమ్మంలో నిలబడ్డాను.

"రత్నం, ఒక్కడూ తలుపు తట్టలేదు."

"ఆర్డర్లో?"

"అవీ లేవు. ఇంకా నిద్ర లేచుండరు."

ఆవిడ ఉల్లిపాయలు తరగడం ఆపి నా వైపు చూసింది. ఈలోగా ఫోన్ మోగింది. పెరట్లోకి వెళ్ళి మాట్లాడి వచ్చింది. వచ్చి ఇంకో గిన్నె పొయ్యి మీదికి ఎక్కించింది.

"ఎవరు?"

"తెలిసినవాళ్ళే."

"ఆర్డర్లు లేకుండా ఇంత ఎవరు తింటారు?"

"ముఠా ఉందిగా" అంది.

మధ్యాహ్నం గేటు ముందు ఆటోలు ఆగాయి. ఎయిర్‌పోర్టు యూనిఫాంలలో అమ్మాయిలు దిగారు. చేతుల్లో స్టీలు క్యారేజీలు. ముందు ఒకావిడ నడిచి వచ్చింది.

"అడ్రస్ రావు సార్ ఇల్లు ఇదేనా?"

"నేనే" అన్నాను. నా పేరు సాతంరాయి దాకా వెళ్ళిందనుకున్నాను.

"నేను ఎవాంజెలిన్, హాస్టల్ వార్డెన్. ఆదివారం ప్రార్థన అయ్యేదాక ఎవ్వరు ఫోన్ ముట్టొద్దని రూల్ పెట్టిన సార్. అయిపోంగనే అందరు ఒక్కసారి నొక్కుతరు. మాది ఒకటే వైఫై, బయటికి ఒకటే అడ్రస్. వారం వారం పాస్‌వర్డ్ మార్చుమని మీరే అంటిరి, మర్చిపోక ఏమైతది? ఇయ్యాల నాటుకోడి అని నొక్కితే ఏమొచ్చిందో సూడుండ్రి."

ఫోన్ ఎత్తి పైకి చదివింది. నువ్వెవరో మాకు తెలుసు. నీ వీధీ తెలుసు. వెనక్కి తిరిగి పో.

"వీధి తెలిసినప్పుడు క్యారేజీ పంపొచ్చు గద సార్?" అని వెనక నుంచి ఒక అమ్మాయి అడిగింది. ఆటోవాళ్ళు కూడా నవ్వారు.

కూర్చోవడానికి కుర్చీ వెతికాను. కుర్చీలో గిన్నె ఉంది. రత్నమాల నా చేతిలో గరిటె పెట్టింది.

"దాడి, దాడి అన్నారుగా. వచ్చింది. వడ్డించండి."

వడ్డించాను. మొదటి అమ్మాయి క్యారేజీ చాపి, "పులుసు జర ఎక్కువ పొయ్యుండ్రి సార్" అంది. రెండో అమ్మాయీ అదే అంది. మూడో అమ్మాయి నోరు తెరవక ముందే పోశాను. నా స్పామ్ అంతా వరసలో నిలబడి ఉంది.

ఎవాంజెలిన్ అరుగు మీద కూర్చుని తింది. ఎముక పక్కన పెట్టి చేతులు కడుక్కుంది.

"అక్కా, ఒకటో తారీఖు నుంచి హాస్టల్ మొత్తం మీకే. ఒకటే షరతు. పేజీ మీరే చూసుకోవాలె."

ఆటోలు వెళ్ళాక గిన్నెలోకి తొంగిచూశాను. గరిటె ఒక్కటే ఉంది.

"మరి నాకు?"

"పేజీలో నొక్కండి. అందరికీ ఒకటే పద్ధతి."

నొక్కాను. నువ్వెవరో మాకు తెలుసు. నీ వీధీ తెలుసు.

"ఇదెవరు చేశారు?"

"నేనే, మీరు వడ్డిస్తున్నప్పుడు. రోజూ అన్నం దగ్గర చెప్పిందేగా! హాస్టల్ అడ్రస్ తీసేసి ఇంకోటి పెట్టాను."

"ఇది మనింటి అడ్రస్!"

"అవునండీ. నష్టం ఎక్కువ దీన్నుంచే వచ్చింది."

నిజం చెబుతున్నాను, ఆకలి మరిచిపోయాను. నేను నేర్చుకోవడానికి వారం పట్టిన పని ఆవిడ పెరుగు వడ్డిస్తూ నేర్చుకుని, మాస్టర్నే గుమ్మం బయట నిలబెట్టింది. మా ఆఫీసులో ఇలాంటి మనిషి ఒక్కరున్నా ఆఫీసు బాగుపడేది. ఆ మాటే పైకి అన్నాను. అప్పుడు పొయ్యి వెనక దాచిన గిన్నె బయటికి తీసింది. నా వాటా ముక్కలు, పులుసు జర ఎక్కువ.

మొన్న షెడ్డు లేచింది. బోర్డు నేనే ఎక్కి బిగించాను: రత్నమాల క్యారేజీలు. నిచ్చెన సోమయ్య పట్టుకున్నాడు. అటు వెళ్ళే ప్రతివాడికీ ఆ పేరు చదివి వినిపిస్తున్నాను, వాళ్ళకి చదువొచ్చినా సరే.

మీలో ఎవరికైనా క్యారేజీ కావాలంటే పేజీలో మీరే నొక్కుకోండి. నాకు మాత్రం చెప్పకండి. నన్నింకా లోపలికి రానివ్వడం లేదు.