వయ్యారిభామకు నీళ్లు

కలుపు మొక్కకు నీళ్లు పోసి పెంచిన మనిషిని ఎక్కడైనా చూశారా? చూడకపోతే ఇదిగో, నన్ను చూడండి. కాస్త ఎడంగా కూర్చోండి, తుమ్ములు ఇంకా పూర్తిగా పోలేదు.

మా ఆయన నూనె మిల్లుల ఫిట్టరు. వీధిలో అందరూ స్పానరు గారంటారు. పెళ్లయిన నాటి నుంచి ఏ ఊళ్లో మిల్లు మూలిగినా ఈయన పెట్టె సర్దుకుని పోయేవారు. నేను గుమ్మంలో నిలబడి, వీధి మలుపు తిరిగేదాకా ఆయన వీపు చూసేదాన్ని. నాకు ఆయన ముఖం కంటే వీపే బాగా గుర్తు. సంతలో జనమంతా అటు తిరిగి నిలబడినా నా మొగుణ్ణి ఇట్టే పట్టేస్తాను.

మోకాళ్లు మొరాయించాక ఇక ఇంటిపట్టునే ఉంటారని సంబరపడ్డాను. ఇంతలో పాత యజమాని కబురు పెట్టాడు, కొత్త మిల్లు బిగించాలి, వానలు తగ్గాక వచ్చి ఏడాది ఉండాలని. ఆ ఒక్క మాటతో ఈయన మోకాళ్లకు నూనె పడింది.

మా వయసులో ఏడాదంటే మాటలా? వెళ్లినవాళ్లు తిరిగొచ్చేసరికి ఉన్నవాళ్లు ఉండొద్దూ.

నాకు బడి చదువు లేదు. పొట్లాల కాగితాలు కూడబలుక్కుని చదవడం నేర్చాను. అందుకే వీధిలో నేను పొట్లాలమ్మను. ఆ వారం మిరియాల పొట్లం విప్పితే కలుపు మొక్కల సంగతి దొరికింది. వయ్యారిభామ అనే మొక్క సముద్రాలు దాటి వచ్చిందట. వేలకు వేలు గింజలు రాలుస్తుందట. గాలికీ, వాననీటికీ, బండి చక్రాలకీ అంటుకుని ఊళ్లు తిరుగుతుందట. అచ్చం మా ఆయనే అనుకున్నాను. దాని పుప్పొడి పీలిస్తే తుమ్ములూ ఆయాసమూ తప్పవట. "ఇది ఎక్కువగా ఎవరికి వస్తుందంటే" అన్నచోట కాగితం చిరిగిపోయింది.

పోతే పోయింది. ఎవరికి రావాలో నేను నిర్ణయించుకున్నాను. తుమ్ముతూ ఎవరైనా మిల్లు బిగిస్తారా?

క్యారెట్ ఆకుల్లాంటి ఆకులతో ఆ మొక్క మా పెరట్లోనే, సరిగ్గా ఆయన పడుకునే కిటికీ కింద మొలిచి ఉంది. పీకేద్దామని ఆయన కొడవలి తీస్తే అడ్డుపడ్డాను.

"కలుపు మీద అంత ప్రేమేమిటే నీకు?"

"మిమ్మల్ని కలుపుకుపోతున్నాను కదా, ఇదెంత."

ఆనాటి నుంచి రోజూ పొద్దున్నే చెంబుతో నీళ్లు పోశాను. నెల దాటాక చిన్న చిన్న తెల్ల పూలు పూసింది. విసనకర్ర తీసుకుని పుప్పొడినంతా కిటికీలోకి విసిరాను. లోపల ఆయన ఒళ్లు విరుచుకుని, ఇవాళ గాలి హాయిగా ఉందన్నారు.

తుమ్మింది నేను.

కళ్లు వాచాయి, ముక్కు కుళాయి అయింది. తుమ్మితే ఊడిపోయే ముక్కని ఊరికే అనలేదు పెద్దలు. ఆయన నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయారు. వయ్యారిభామ దగ్గర రోజూ మసిలేవాళ్లకే ఇది ఎక్కువగా వస్తుందని డాక్టరు చెప్పాడు. చిరిగిపోయిన ముక్క అలా దొరికింది. మొక్క పీకించి, కొన్నాళ్లు గాలి మార్చమన్నాడు.

ఆయన ఇంటికి రాగానే ముఖానికి గుడ్డ కట్టుకుని వేళ్లతో సహా పీకి పూడ్చేశారు. తర్వాత ఫోనులో యజమానితో అంటుంటే విన్నాను, ఒక్కణ్ణే రాను, వయ్యారిభామ కూడా వస్తుంది, ఆవిడకు సరిపడే ఇల్లు చూడండని.

నాకు అనుమానం వచ్చి ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. ఊరూరా తిరిగిన మనిషి కదా.

"ఎవరండీ ఆ భామ?"

"ఉందిలే ఒకావిడ. వేరు పట్టిందంటే వదలదు."

"ఎన్నాళ్ల నుంచి?"

"మన పెళ్లి నుంచి."

గోడ అవతల పక్కింటి టైలరమ్మ కిసుక్కున నవ్వింది. "ఊరుకోండి బాబాయిగారూ, పిన్ని ఏడ్చేలా ఉంది. పిన్నీ, నువ్వు చెంబు పట్టిన మొదటి రోజే నీ ఎత్తు కనిపెట్టి ఆయనకు చెప్పాను."

నాకు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తెలిసీ ఎందుకు ఊరుకున్నారని అడిగితే, రోజూ పొద్దున్నే లేచి తిరుగుతున్నావు, ఒంటికి మంచిదనుకున్నాను, నీకే పడదని కలగన్నానా అన్నారు. తర్వాత గొంతు తగ్గించారు.

"వెళ్లొద్దని ఒక్క మాట అనకపోయావా?"

"అంటే ఆగేవారా?"

"ఆగను. నువ్వూ రా అనేవాణ్ణి."

ఇన్నేళ్లలో ఆయన రమ్మనలేదు, నేను వస్తాననలేదు. ఇంత చిన్న మాట ఇద్దరికీ తోచలేదు చూడండి.

బయల్దేరిన రోజు గుమ్మంలో ఎవరూ నిలబడలేదు. ఆయన వీపు మలుపు తిరిగింది, వెనకే నేనూ తిరిగాను.

మిల్లు ఊళ్లో ఈ ఇంట్లో దిగగానే గాలి మారుతుందని పెరటి కిటికీ తెరిచాను. గోడ పొడవునా అవే తెల్లటి పూలు. ఆయన కొడవలి కోసం పెట్టె వెతుకుతూ అన్నారు:

"మీ చుట్టం మనకంటే ముందే దిగింది. ముందు ఆ చెంబు ఇలా ఇవ్వు."

ఇచ్చేశాను. ఇక నాకు దానితో పనేముంది?