డాక్టరుగారి నాన్నగారు

"వైద్యో నారాయణో హరిః అన్నారు. నర్సో నారాయణో హరిః అని ఏ శాస్త్రంలోనైనా ఉందా?"

మా బావ బంగార్రాజుగారు వంటింటి గుమ్మంలో నిలబడి వేసిన ప్రశ్న ఇది. జవాబు చెప్పడానికి ఇంట్లో సంస్కృతం వచ్చినవాళ్ళెవరూ లేరు. ఆయనకీ రాదు. అందువల్ల వాదనలో ఆయనే నెగ్గారు.

అది 2005వ సంవత్సరం. ఆయన కూతురు కుసుమకి ఏలూరులో ఓ నర్సింగ్ స్కూల్లో సీటొచ్చింది. అంతకుముందు ఎంసెట్ రాసింది గానీ, ఆ ర్యాంకు చూసి ఏ మెడికల్ కాలేజీ పిలవలేదు. పిల్ల ఏడవలేదు. తనే దరఖాస్తు పెట్టుకుంది, తనే ఇంటర్వ్యూకి వెళ్ళింది. "రక్తం చూస్తే కళ్ళు తిరుగుతాయా అమ్మా?" అని అడిగారట. "మా ఇంట్లో కొర్రమేను కోసేది నేనేనండి," అందట. ఆ జవాబుకే సీటిచ్చారని మా అక్క సత్యవతి నమ్మకం.

బావ అభ్యంతరాలు రెండు. పరాయివాళ్ళ పుళ్ళు కడగడం మన ఇంటా వంటా లేదన్నది మొదటిది. ఈ మాట అన్న మనిషి ఆ ముందువారమే గేదె ఈనలేకపోతుంటే మోచేతిదాకా చెయ్యి పెట్టి దూడని లాగాడు. అయితే గేదె పరాయిది కాదు.

రెండోది అసలైన అభ్యంతరం. నన్ను పక్కకి పిలిచి మరీ చెప్పారు.

"ఒరే శీనూ! జిల్లాలో మగాళ్ళంతా దాన్ని సిస్టర్ సిస్టర్ అని పిలిస్తే, ఇక పెళ్ళికొడుకెక్కణ్ణుంచి వస్తాడ్రా?"

"పిలవనివాడు ఒకడుంటాడు బావగారూ."

"ఎవడూ?"

"ఎప్పుడూ జబ్బు చెయ్యనివాడండి. ఆరోగ్యమైన సంబంధం కదండీ!"

ఆయన నవ్వలేదు. పెంటపాడు మండలంలో మా బావ నవ్వు చూసినవాళ్ళు తక్కువ.

చివరికి అక్క రంగంలోకి దిగి, కాఫీ మానేసింది. తాగడం కాదు, పెట్టడం. మర్నాటికల్లా బావ మెత్తబడ్డారు గానీ ఒక షరతు పెట్టారు.

"ఊళ్ళో మాత్రం మెడిసిన్ చదువుతోందని చెప్పాలి."

"అబద్ధం కదండీ?" అంది అక్క.

"మెడిసిన్ అంటే ఏంటి? మందు. నర్సు ఇచ్చేదేంటి? మందు. ఇందులో అబద్ధం ఏ మూలుందో చూపించు. ఇంకోమాట. ఆ నర్సు బట్టల్లో అది మన ఊళ్ళో కనిపించిందా, ఆ పూటతో చదువు ఆఖరు!"

కుసుమ సరేనని పెట్టె సర్దుకుంది.

నర్సింగ్ స్కూలంటే ఏముంటుందో దాని ద్వారానే మాకు తెలిసింది. తెల్లారకముందే లేపుతారు. జడ మడిచి కట్టాలి, గోళ్ళు పెరగకూడదు, గాజులు చప్పుడు చెయ్యకూడదు. మొదట్లో రోగిని ముట్టుకోనివ్వరు. మంచానికి దుప్పటి పరవడం నేర్పుతారు, నేర్పుతూనే ఉంటారు. ఇంజక్షను ముందు బత్తాయికి చేస్తారు. కుసుమ చేసిన బత్తాయి ఒక్కటీ బతకలేదట. తర్వాత వార్డు డ్యూటీ. నిలబడి నిలబడి కాళ్ళు వాస్తాయి. రోగి తిడతాడు, రోగి బంధువులు తిడతారు, తీరిక దొరికితే డాక్టరు తిడతాడు. ముగ్గురికీ ఒకటే మొహం పెట్టాలి. దానికి వేరే క్లాసు లేదు, అలవాటుగా వస్తుంది.

సెలవుల్లో ఇంటికొచ్చి వాళ్ళ నాన్న మంచానికి ఆసుపత్రి పద్ధతిలో దుప్పటి పరిచింది. మూలలు ఎంత గట్టిగా మడిచిందంటే, ఆయన రాత్రంతా కాళ్ళు దూర్చలేక దుప్పటి పైనే పడుకున్నారు.

ఏడాది తిరిగేసరికి ఏలూరులో దీపాలు వెలిగించి, ప్రమాణం చేయించి, కుసుమ తలకి తెల్ల టోపీ పెట్టారు. మా ఊళ్ళో అప్పటికే బావ ఊరందరికీ టోపీ పెట్టేసి ఉన్నారు. ఆ రోజుల్లో ఆయన బజార్లో నడుస్తుంటే "డాక్టరుగారి నాన్నగారూ, బావున్నారాండీ?" అని పలకరించని మనిషి లేడు. ఎదురింటి హనుమంతరావుగారైతే అరుగు దిగి మరీ నమస్కారం పెట్టేవారు. బావ గంభీరంగా తలూపి, "ఎనాటమీ కష్టంగా ఉందంటోందండీ," అనేవారు. అదేమిటో ఆయనకి తెలీదు. కష్టమైతే గొప్పదే అయ్యుంటుంది.

మూడో ఏడు ముంచుకొచ్చింది ఉపద్రవం. విద్యార్థినులు పల్లెలకి వెళ్ళి ఇంటింటా సేవ చెయ్యాలి. కుసుమ జట్టుకి పడిన ఊరు మా ఊరే!

బావ నన్ను వెంటేసుకుని ఏలూరు బస్సెక్కారు. ప్రిన్సిపాల్ మేడమ్ పెద్దావిడ, నెమ్మదస్తురాలు. కుర్చీలు చూపించారు.

"మా ఊరు మార్చాలండి," అన్నారు బావ.

"ఎందుకండీ?"

"మా ఊళ్ళో జబ్బుల్లేవండి."

ఆవిడ ఆశ్చర్యపడలేదు. "కలిదిండి వైపు పంపమంటారా?"

"దివ్యంగా ఉంటుందండి!"

"కలిదిండి నుంచి నిన్ననే తండ్రులు వచ్చి వెళ్ళారండి. అక్కడా జబ్బుల్లేవట. పెదపాడులో మొన్ననే లేకుండా పోయాయి. మీ తండ్రులు ఊళ్ళల్లో చెప్పుకునే ప్రకారం నా స్కూల్లో డాక్టర్లున్నారు, కంప్యూటర్ ఇంజనీర్లున్నారు, ఓ కలెక్టరమ్మ కూడా తయారవుతోంది. నర్సులే ఎవరూ లేరు! పోస్టింగుకి నేనెవర్ని పంపనండీ?"

బావ కండువాతో మొహం తుడుచుకున్నారు.

"ఊళ్ళో పనిచెయ్యని పిల్లని ఆఖరి పరీక్షకి కూర్చోనివ్వమండి," అని ఆవిడ లేచారు.

వరండాలో కుసుమ నిలబడి ఉంది. "చదువు మానిపించేస్తారా నాన్నగారూ?" అంది. చేతిలోని టోపీ నలిగిపోతోంది.

బావ కండువా దులిపి భుజాన వేసుకున్నారు. "ఎలా మానిపిస్తానే? మూడేళ్ళు మెడిసిన్ చదివి మానేస్తే ఫెయిలైందనుకోరూ?"

తను తవ్విన గోతిలో తనే పడి, పైగా అక్కడ కుర్చీ వేసుకు కూర్చోవడం మా బావకే చెల్లింది.

నర్సు బట్టల్లో పిల్లలు ఊళ్ళోకి వచ్చే ముందురోజే ఆయన ఇల్లిల్లూ తిరిగి ప్రకటించారు: "రేపొచ్చేవాళ్ళు నర్సులండి. వాళ్ళమీద అజమాయిషీకి మా డాక్టరమ్మ వస్తోంది. పిల్లల్లో కలిసిపోవాలని అవే బట్టలు కడుతుంది. నిరాడంబరం!"

కుసుమ ఒకటే మాట చెప్పింది. "నా నోటితో మాత్రం చెప్పను నాన్నగారూ. మీరే చెప్పుకోండి."

పిల్లలొచ్చారు. కుసుమ స్నేహితురాలు గుల్నాజ్ ఏలూరు పవర్‌పేటలో దర్జీ సైఫుల్లాగారమ్మాయి. అది ఏ వీధిలోకి వెళితే ఆ వీధిలో జనం మూగారు. కట్లు కట్టింది, జ్వరాలు చూసింది, పసిపిల్లలకి స్నానం ఎలా చేయించాలో చూపించింది. కుసుమ మాత్రం సంచీ పట్టుకుని గడప గడపా ఎక్కింది, దిగింది.

వెంకటనరసమ్మగారి కాలిమీద పుండు. కుసుమ వంగబోతే, ముసలావిడ కాలు వెనక్కి లాక్కుంది. "నువ్వు డాక్టరమ్మవి తల్లీ! నువ్వు నా కాలు ముట్టుకోవడమేంటి, కళ్ళు పోతాయి. ఆ సాయిబుగారమ్మాయిని ఇలా పంపు."

ప్రతి ఇంట్లోనూ అదే మర్యాద. కుర్చీ వేశారు, మజ్జిగిచ్చారు. ఒక్కరూ చెయ్యి ముందుకి చాపలేదు!

సాయంత్రం జట్టుతో వచ్చిన టీచరు చెప్పేసింది. "రేపటితో మన పని అయిపోతుంది కుసుమా. నీ చేత్తో చేసిన సేవ ఒక్కటైనా నేను కళ్ళారా చూడకపోతే, ఈ ఏడు నీకు పరీక్ష లేనట్టే."

ఆ పూట కుసుమ అన్నం తినలేదు. అక్క బావకి మళ్ళీ కాఫీ పెట్టడం మానేసింది.

తెల్లారి బావ రామాలయం వీధి మొదట్లో నిలబడి గొంతెత్తారు. "వినండి! మా అమ్మాయి డాక్టరు కాదు. నర్సు చదువు చదువుతోంది. అబద్ధం చెప్పింది నేను!"

వీధి విన్నది. హనుమంతరావుగారు చేతులు జోడించారు. "ఎంత అణకువండీ! మీలాంటివాళ్ళు ఉండబట్టే వానలు పడుతున్నాయి."

"అణకువ కాదండీ, నిజం!"

"అదేనండి, అణకువ ఉన్నవాళ్ళు అలాగే అంటారు."

మూడేళ్ళపాటు ఆడిన అబద్ధాన్ని ఊరు ఒక్క మాటకి నమ్మింది. ఇప్పుడు నిజం చెబుతుంటే ప్రమాణం చేసినా వినేవాడు లేడు. బావ ఓ క్షణం అటూ ఇటూ చూశారు. చొక్కా విప్పేసి, హనుమంతరావుగారి అరుగుమీద వెల్లకిలా పడుకున్నారు.

"కుసుమా! నీళ్ళు తీసుకురా! మంచంపట్టిన రోగికి ఒళ్ళెలా తుడుస్తారో, నాకు తుడువు!"

కుసుమ తెచ్చింది. మొహం తుడిచింది, మెడ తుడిచింది, చెయ్యి ఎత్తి చంక తుడిచింది. తడిబట్ట వెంటనే పొడిబట్ట. పొలంలో గీసుకున్న కాలిగాయం కడిగి కట్టు కట్టింది. మడమల మట్టి తీసింది, గోళ్ళు కత్తిరించింది. బోర్లా తిప్పి వీపు తుడిచింది. మధ్యలో "నొప్పిగా ఉందాండీ?" అని అడిగింది. నాన్నగారూ అనలేదు. బావ కళ్ళు మూసుకుని, "లేదు సిస్టర్," అన్నారు!

పిల్లలతో వచ్చి అరుగు పక్కన నిలబడి చూస్తున్న టీచరు తలూపింది.

వెంకటనరసమ్మగారు కర్ర పొడుచుకుంటూ వచ్చి అరుగుమీద కూర్చుని కాలు చాపింది. వెనకాల వరస కట్టారు. మధ్యాహ్నానికి గుల్నాజ్ దగ్గర దూది కూడా కుసుమ అప్పు తీసుకుంది.

బావ లేచి చొక్కా తొడుక్కుంటూ అన్నారు. "ఇప్పటికైనా నమ్మారు. మూడేళ్ళు మిమ్మల్ని మోసం చేశాను. క్షమించండి."

"అయ్యో, మోసమేంటండీ," అన్నారు హనుమంతరావుగారు. "మాకు మొదటి ఏడే తెలుసు. మా తోడల్లుడు ఏలూరు ఆసుపత్రిలో పడితే మంచం సర్దింది మీ అమ్మాయేగా. ఊరంతా ఎరిగిందే."

బావ నోరు తెరిచారు. "మరి డాక్టరుగారి నాన్నగారూ అని..."

"మీకు సంతోషమని అనేవాళ్ళమండి."

"నిన్న ఒక్కరూ చూపించుకోలేదేం?"

"మీరు డాక్టరని చెప్పాక గోళ్ళు తియ్యమని ఎలా అడుగుతామండీ? మీ మర్యాద తీస్తామా?"

"మరి ఇందాక నిజం చెబితే?"

"నమ్మేస్తే ఇన్నాళ్ళూ మీరు అబద్ధమాడారన్నట్టవదూ? బావుంటుందాండీ?"

మా గోదావరి జిల్లా మర్యాద ఇంత ప్రమాదకరమైనదని నాకూ అప్పుడే తెలిసింది.

ఇంతలో హనుమంతరావుగారు అటూ ఇటూ చూసి, బావ చెవి దగ్గరికి వంగారు.

"మా అమ్మాయి దుర్గాసాయికి ఇంటరు అయిపోవచ్చిందండి. నర్సింగే చేస్తానని పట్టుబట్టింది. సీటు సంగతి కాస్త మీ అమ్మాయినడిగి చెబుదురూ."

"దానికేం భాగ్యమండీ!"

"ఊళ్ళో మాత్రం హైదరాబాదులో కంప్యూటర్లు నేర్చుకుంటోందని చెబుదామనుకుంటున్నామండి."

మా బావ ఆయన వంక చూశారు. వీధి వంక చూశారు. ఎంతో గంభీరంగా తలూపారు.

"నమ్మేశానండీ," అన్నారు.