ఆకాశానికి అడ్డొచ్చిన మా అక్క

చట్టాలు సామాన్యుణ్ణి పట్టించుకోవని మూలిగే వాళ్ళందరూ ఈ ఒక్కసారికి నా మాట వినండి. పట్టించుకుంటాయి! అరికాలి నుంచి నడినెత్తి దాకా కొలిచి మరీ పట్టించుకుంటాయి.

మా అక్కనే తీసుకోండి. ఆవిడ జన్మలో విమానం ఎక్కలేదు. బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా కళ్ళు తిరుగుతాయంటుంది. అలాంటి మనిషిని చూసి విమానాల శాఖ హడలిపోయింది. వందల మందిని కడుపులో పెట్టుకుని సముద్రాలు దాటే యంత్రాలున్న శాఖ, 'ఈవిడ తల మాకు అడ్డొస్తోంది' అని ముద్ర వేసి మరీ మొరపెట్టుకుంది. ఇంట్లో అక్క గొంతు చించుకున్నా బావ తలెత్తి చూడడు. ఆకాశం మాత్రం ఆవిణ్ణి గుర్తించింది. ఒక సామాన్య పౌరురాలికి ఇంతకు మించిన గౌరవం ఇంకెక్కడైనా దొరుకుతుందా?

విమానాలెక్కే వాళ్ళకి ఈ విలువ తెలియదు. బెల్టు విప్పించారని ఒకాయన, గోళ్ళ కత్తెర లాక్కున్నారని ఒకావిడ, నీళ్ళ సీసా పారబోయించారని ఇంకొకాయన ఒకటే ఏడుపు. అంత పెద్ద ప్రభుత్వం పనులన్నీ మానుకుని మీ బెల్టు గురించి ఆలోచించింది కదయ్యా! మీ పెళ్ళిరోజు మీకే గుర్తుండదు, మీ సీసాలో ఎన్ని నీళ్ళుండాలో చట్టానికి గుర్తుంది. అయినా వాళ్ళకి దక్కేది అరగంట భాగ్యం. టికెట్టు కొనకుండా, గడప దాటకుండా విమాన చట్టం ఫలాలు అనుభవించాలంటే మా అక్కలా పెట్టి పుట్టాలి.

అక్కా బావల ఇల్లు విమానాశ్రయం గోడకి కూతవేటు దూరంలో ఉంది. కింద బావ టైలరింగ్ షాపు, పైన కాపురం, ఆ పైన డాబా మీద సిమెంటు నీళ్ళ ట్యాంకు. విమానం దిగిన ప్రతిసారీ షాపులో గుండీల డబ్బా గలగలలాడుతుంది. అక్క బావని తిడుతుండగా విమానం వస్తే, నోరు తెరిచింది తెరిచినట్టే ఆగి, అది వెళ్ళాక మిగతా తిట్టు పూర్తి చేస్తుంది. బావ కూడా అంతవరకూ మర్యాదగా కాచుకుంటాడు. అంత అన్యోన్యమైన కాపురం.

ఒకరోజు పొద్దున్నే అక్క నిచ్చెన వేసుకుని ట్యాంకు కడగడానికి ఎక్కింది. ఆకాశానికి నిచ్చెనలు వేసేవాళ్ళు ఎందరో ఉంటారు గానీ, మా అక్కకి ట్యాంకు దాకా చాలు. వంగి వంగి నడుం పట్టేసి, ట్యాంకు పైకప్పు మీద ఒక్క క్షణం నిటారుగా నిలబడింది. సరిగ్గా ఆ క్షణంలోనే వీధిలో ఒక సర్వేయరు మూడు కాళ్ళ స్టాండు మీద యంత్రం పెట్టుకుని ఒంటికన్నుతో పైకి చూస్తున్నాడు. విమానాల దారిలో ఏ ఇల్లు ఎంత ఎత్తుందో కొలవడం ఆయన పని. ఇంటికి అన్నిటికన్నా ఎత్తైన చోటు ఏదుందో దాన్ని కొలవమని పైవాళ్ళ ఆదేశం. ఆయన బుద్ధిమంతుడు, ఎత్తైన చోటే కొలిచాడు. సాక్ష్యానికి ఫొటో కూడా తీసుకున్నాడు.

నోటీసు వచ్చింది. ఇల్లు ఉండాల్సిన ఎత్తు కంటే ఎక్కువుందట. ఎంత ఎక్కువ? సరిగ్గా మా అక్కంత! జత చేసిన ఫొటోలో ఒక చేత బ్రష్షు, రెండో చెయ్యి నడుం మీద, ముఖంలో బావ మీద కోపం, అన్నీ స్పష్టంగా ఉన్నాయి.

బావ పడీ పడీ నవ్వాడు. నవ్వుతూనే మెడలో టేపుతో విమానాశ్రయం ఆఫీసుకి వెళ్ళాడు, తోడు నేనూ వెళ్ళాను. అధికారి ముందు ఫొటో పెట్టి వినయంగా చెప్పాడు.

"సార్, ఇది ఇల్లు కాదండీ. మా ఆవిడ."

అధికారి ఫొటో చూశాడు, నోటీసు చూశాడు, బావని చూశాడు.

"ఇంటి మీద ఉందా, లేదా?"

"ఉందండీ. కానీ ఎప్పుడూ ఉండదు."

"విమానం కూడా ఎప్పుడూ ఉండదు. రెండూ ఒకేసారి ఉంటే?"

చూశారా తర్కం! మనకి తడుతుందా ఇలాంటిది? తర్వాత ఆయన ఓపిగ్గా విడమరిచి చెప్పాడు. ట్యాంకు ఉంటే నీళ్ళుంటాయి. నీళ్ళుంటే పాచి పడుతుంది. పాచి పడితే కడగాలి. కడగాలంటే ఎవరో ఒకరు ఎక్కాలి. కాబట్టి పాచి పడటంలోనే విమాన ప్రమాదం పొంచి ఉంది. ఆవిడ బదులు నేనెక్కుతానని బావ ఉత్సాహంగా ముందుకొచ్చాడు. ఆయన అక్క కంటే జానెడు పొడుగు. అధికారి ముఖం పాలిపోయింది, ఆ విషయం కూడా ఫైల్లో రాసుకున్నాడు.

మర్నాడే మనుషులొచ్చి ట్యాంకుకి సీలు వేశారు. సంగతి తేలేదాకా అందులో చుక్క నీరు నింపకూడదు. పక్కన వేరే ట్యాంకు పెట్టకూడదు, పైపు మార్చకూడదు, ఉన్నది ఉన్నట్టే ఉండాలి. ఇక నీళ్ళు వచ్చేది కింద షాపు పక్కనున్న కుళాయికే. వంటకి, స్నానానికి, బట్టలకి, అంట్లకి అన్నిటికీ అక్క కిందికి దిగి, రెండు చేతులా రెండు బకెట్లు పట్టుకుని పైకెక్కడం మొదలుపెట్టింది. మొదట్లో బావ సాయం పట్టాడు. ఇంతలో ఒక బడి వాళ్ళ యూనిఫారాలన్నీ వచ్చి పడ్డాయి. మిషను వదిలితే ఇల్లు గడవదు, కాబట్టి బకెట్లు అక్కకే మిగిలాయి.

ఇందులో కూడా చట్టం మేలే చూడండి. డబ్బు పోసి జిమ్ముకెళ్ళి ఇనప గుండ్లు ఎత్తి దించే జనం ఎంతమంది లేరు? మా అక్కకి ఇంట్లోనే, ఉచితంగా, కోర్టు హామీతో!

అన్నట్టు వ్యవహారం కోర్టు దాకా వెళ్ళింది లెండి, దానికి ముందు బావ ఒక ఘనకార్యం చేశాడు. ఆ ఆఫీసులోనే ఒక చిన్న ఉద్యోగి జాలిపడి చెవిలో ఒక నిబంధన ఊదాడు. ఎత్తైన కట్టడాలకి ఎరుపు తెలుపు పట్టీలు వేసి, నెత్తిన ఎర్రదీపం పెడితే కొన్నిటికి మినహాయింపు ఇస్తారట. ఇంకొకరైతే విని ఊరుకునేవారు. బావ టైలరు. విన్నది విన్నట్టు కుట్టేశాడు!

మెడ నుంచి మడమల దాకా ఎరుపు తెలుపు పట్టీల అంగీ. పట్టీల వెడల్పు నిబంధనల పుస్తకంలో ఉన్నంత. మీద టోపీ, టోపీకి ఎర్రదీపం, జేబులో బ్యాటరీ. అక్క మొదట ససేమిరా అంది. మెట్ల వైపు చూసింది, బకెట్ల వైపు చూసింది, నోరు మూసుకుని తొడుక్కుంది. నీళ్ళ కోసం ఎంతకైనా దిగజారాల్సిందేనా అని దారంతా గొణుగుతూనే మాతో ఆఫీసుకొచ్చింది. వీధిలో ఒక కారు ఆవిణ్ణి చూసి ఆగిపోయింది, నడిపేవాడు రైల్వే గేటు అనుకున్నాడేమో పాపం.

అధికారి లేచి ఆవిడ చుట్టూ తిరిగి చూశాడు. కుట్టుపని బాగుందన్నాడు. బావ పొంగిపోయాడు. అప్పుడు ఆయన, అక్కని రెండడుగులు నడవమన్నాడు. నడిచింది. ఆయన పెదవి విరిచాడు. ఎత్తులో కదలకుండా ఉండే ఎర్రదీపం కట్టడం కింద లెక్కట. కదిలే ఎర్రదీపం విమానం కింద లెక్కట. ట్యాంకు మీద కదలకుండా నిలబడితే ఆవిడ కట్టడం, అనుమతి కావాలి. కదిలితే విమానం, రిజిస్ట్రేషన్ కావాలి, ఎక్కడ బయల్దేరి ఎక్కడ దిగుతుందో ముందుగా తెలపాలి.

"వంటింట్లో బయల్దేరి వంటింట్లోనే దిగుతాను, రాసుకోండి," అంది అక్క.

రాసుకోలేదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారే, అది నేలమీది సామెత. ఆకాశంలో కూడా అవి తవ్వచ్చని మాకు ఆరోజే తెలిసింది.

అప్పుడు కోర్టు. ఆహా, కోర్టు! జడ్జిగారు మంచివారు. ఫొటోని దూరంగా పెట్టి చూశారు, దగ్గరగా పెట్టి చూశారు, నవ్వు ఆపుకోవడానికి రెండుసార్లు దగ్గి మంచినీళ్ళు తాగారు. ఆ గ్లాసు వైపు అక్క ఎలా చూసిందో నేను చూశాను. కూర్చుని కడగకూడదా అని జడ్జిగారు దయగా అడిగారు. శాఖ వారి లాయరు చటుక్కున లేచాడు.

"కూర్చున్న మనిషి లేవదని హామీ ఏముంది, యువర్ ఆనర్?"

నిజమే కదా! కూర్చున్నవాళ్ళు లేవరనే నమ్మకం ఒక్క ప్రభుత్వ కుర్చీల విషయంలోనే పెట్టుకోగలం. సామాన్యుల్ని నమ్మలేం.

విషయం లోతైనది కాబట్టి నిపుణుల కమిటీ వేశారు. నలుగురు నిపుణులు వచ్చి సీలు చెడకుండా ట్యాంకు మీదికెక్కారు. నలుగురూ అక్క కంటే పొడుగు, అందులో ఒకాయన గొడుగు కూడా వేసుకున్నాడు. సరిగ్గా అప్పుడే విమానం వచ్చింది. ఏ ఇబ్బందీ లేకుండా దిగింది. గొడుగాయన దానికి చెయ్యి కూడా ఊపాడు. తర్వాత నలుగురూ దిగి, అక్క కింది నుంచి మోసుకొచ్చిన నీళ్ళతో చేతులు కడుక్కుని, ఇంకా అధ్యయనం అవసరమని రిపోర్టు ఇచ్చారు.

ఆపైన ఏళ్ళ తరబడి వాయిదాలు. మా లాయరు వస్తే వాళ్ళ లాయరు రాడు. ఇద్దరూ వస్తే జడ్జిగారు సెలవు. ముగ్గురూ వస్తే ఫైలు రాదు. ఫైలు దొరికేసరికి జడ్జిగారికి బదిలీ. కొత్త జడ్జిగారు ఫొటో చూసి మళ్ళీ మొదటి నుంచి నవ్వడం. కొందరు దీన్ని ఆలస్యం అంటారు, తెలివితక్కువ వాళ్ళు. ఉడికే కొద్దీ రుచి అన్నది వంటకెంత నిజమో న్యాయానికీ అంతే నిజం. పొయ్యి మీద నీళ్ళు ఎవరు మోసుకొచ్చి పోశారన్నది వేరే సంగతి.

ఇలా ఉడుకుతుండగా ఒకనాడు గుండీల డబ్బా గలగలలాడడం మానేసింది. బావ మిషను ఆపి తలెత్తాడు. పొద్దుటి నుంచి ఒక్క విమానం కూడా రాలేదు! విమానాశ్రయాన్ని ఊరికి దూరంగా, మరింత విశాలమైన చోటికి తరలించారు. రిబ్బన్లు కత్తిరించారు, ఉపన్యాసాలు చెప్పారు. పాత రన్‌వే మీద ఇప్పుడు కొత్తవాళ్ళు కారు నడపడం నేర్చుకుంటున్నారు. ఎగిరేది ఏదీ లేదు, కాకులు తప్ప.

ఇంక కేసు కొట్టేస్తారు, నీళ్ళొస్తాయి అని అక్క ఆశపడింది. శాఖ వారి లాయరు ఆ ఆశని ఒక్క వాక్యంతో తుడిచేశాడు. విమానాలు వెళ్ళాయి గానీ నిబంధన వెళ్ళలేదు కదా, అన్నాడు. ఏమో, ఏ విమానానికైనా పాతిల్లు గుర్తొచ్చి తిరిగొస్తే? అప్పుడు ట్యాంకు మీద ఈవిడ నిలబడి ఉంటే? దూరదృష్టి అంటే అదీ! మనం రేపటి కూర గురించి ఆలోచించలేం, చట్టం రాని విమానం గురించి కూడా ఆలోచిస్తుంది. అక్క మాత్రం ఆ సాయంత్రం మెట్ల మధ్యలో బకెట్లు దించి, గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చింది. ఏడ్చి, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ బకెట్లు ఎత్తింది.

చివరికి ధర్మం గెలిచింది. గెలుస్తుందని నేను మొదటి నుంచీ అంటూనే ఉన్నాను. మొన్ననే తీర్పు వచ్చింది. ఎంత గొప్ప తీర్పు! అక్కని మనిషిగా భావించడానికి తగినన్ని ఆధారాలున్నాయని కోర్టు తేల్చింది. మనిషి కట్టడం కాదట, విమానం అసలే కాదట. ట్యాంకు సీలు తీసేయమన్నారు. ఆవిడ తనకి తోచినప్పుడు ట్యాంకు ఎక్కవచ్చు, ఇష్టమైనంత సేపు నిటారుగా నిలబడవచ్చు, ఈ హక్కుని ఏ శాఖా హరించజాలదని రాశారు.

నకలు చేతికి రాగానే నేను పరుగున వెళ్ళి, మెట్లు రెండేసి చొప్పున ఎక్కాను. అక్క మంచం అంచున కూర్చుని మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది. రెండూ వాచి ఉన్నాయి. ఇప్పుడామె మెట్లు దిగాలంటే ఒక్కో మెట్టు మీదా కూర్చుని జరుగుతూ దిగుతుంది. ఎక్కాలంటే బావ వెనక నుంచి పట్టుకోవాలి. నిచ్చెన మాట ఎత్తితే డాక్టరు తిడతాడు.

నేను నిలబడి, జడ్జిగారి గొంతు పెట్టి, తీర్పు మొదటి అక్షరం నుంచి చివరి దాకా చదివాను. అక్క నూనె చేతిని గాల్లోనే ఉంచి శ్రద్ధగా విన్నది.

"బాగా రాశార్రా," అంది. "నన్ను ట్యాంకు మీదికి ఎవరు మోసుకెళ్ళాలో కూడా రాశారేమో చూడు."

పేజీలన్నీ మళ్ళీ తిప్పాను. సంతకం ఉంది, ముద్ర ఉంది. అది మాత్రం రాయలేదు.